ప్లగ్గు ఎవరు పెట్టాలి? అమెరికా రేవుల్లో ‘మా పని మాకే’ తగాదా

అమెరికా పశ్చిమ తీరంలో, ఆరెగన్ రాష్ట్రంలో పోర్ట్‌లండ్ అనే రేవు ఉంది. 2012లో అక్కడ కరెంటు ప్లగ్గు దగ్గర గొడవ మొదలైంది. చేపలు, మాంసం, పళ్లు లాంటివి వచ్చే చల్లటి కంటెయినర్లను రీఫర్లు అంటారు. ఓడ నుంచి దింపగానే వాటిని కరెంటుకి తగిలించాలి, మళ్లీ ఎక్కించే ముందు ఊడదీయాలి. అప్పటిదాకా ఎలక్ట్రీషియన్ల యూనియన్ వాళ్లు ఆ పని చేస్తున్నారు. పశ్చిమ తీరం డాక్ కార్మికుల యూనియన్ ఐఎల్‌డబ్ల్యూయూ వచ్చి ‘అది మాది’ అంది. మొత్తం కలిపినా ఇద్దరు మనుషులకు సరిపోయే పని.

ఆ ఇద్దరి పని కోసం క్రేన్లు నెమ్మదించాయి, ఓడలు నీళ్లలో నిలబడిపోయాయి. 2015లో హాంజిన్, హపాగ్-లాయిడ్ కంపెనీలు ఆ రేవుకి రావడమే మానేశాయి. టెర్మినల్ నడుపుతున్న ఫిలిప్పీన్స్ కంపెనీ ఐసీటీఎస్ఐ 2017లో లీజు రద్దు చేసుకుని వెళ్లిపోయింది. ఆ కంపెనీ యూనియన్ మీద నడిపిన కేసులో, 2019లో జ్యూరీ యూనియన్ 9.36 కోట్ల డాలర్ల నష్టపరిహారం కట్టాలంది. జడ్జి దాన్ని సుమారు 1.9 కోట్లకు తగ్గిస్తే కంపెనీ ఒప్పుకోలేదు. కేసు సాగుతుండగానే 2023లో యూనియన్ దివాలా పిటిషన్ వేసింది. చివరికి 2024లో 2.05 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

ఇద్దరి ఉద్యోగాల కోసం ఇంత రభసా అనిపిస్తుంది. కానీ డాక్ యూనియన్ లెక్క వేరు. కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ పాత పనిలో ఒక ముక్క తెగి ఎవరి చేతిలోనో పడుతుంది. ఆ ముక్క చిన్నదని వదిలేస్తే, రేపు మిగతా ముక్కలు కూడా అలాగే పోతాయి. పశ్చిమ తీరంలో 2008 ఒప్పందం ప్రకారం కంపెనీలకు ఆటోమేషన్ తెచ్చుకునే వీలు దొరికింది. బదులుగా యంత్రాల నిర్వహణ, మరమ్మతు పనులు తమకే రావాలని యూనియన్ రాయించుకుంది. మనుషులు తగ్గి యంత్రాలు మిగిలే చోట, కనీసం ఆ యంత్రాల్ని చూసుకునే పనైనా తమ దగ్గర ఉండాలన్నది దాని ఆలోచన.

ఆలోచనలో తప్పు లేదు. మరి కోర్టులో ఎందుకు దెబ్బతింది? అది తెలియాలంటే అమెరికా కార్మిక చట్టంలో ఒక పాత చిక్కుముడి విప్పాలి.

అసలు యజమాని, పక్క యజమాని

1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం అక్కడి కార్మికులకు యూనియన్ పెట్టుకునే, బేరమాడే, సమ్మె చేసే హక్కులు ఇచ్చింది. 1947లో టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం వచ్చి ఆ హక్కులకు గీతలు గీసింది. అందులో ముఖ్యమైనది సెకండరీ బాయ్‌కాట్ మీద నిషేధం. ఒక హోటల్లో వంటవాళ్లకీ ఓనరుకీ జీతాల గొడవ వచ్చిందనుకోండి. వాళ్లు హోటల్ ముందు బైఠాయించవచ్చు. ఆ హోటల్‌కి పాలు పోసే డెయిరీకి వెళ్లి, ‘వాళ్లకి పాలు పోస్తే మీ బండ్లు కదలవు’ అని డ్రైవర్లను ఆపకూడదు. డెయిరీకి ఈ తగాదాతో సంబంధం లేదు కదా.

1959లో ఇంకో గీత పడింది. ‘ఫలానా కంపెనీ సరుకు మేం ముట్టుకోం’ అని యూనియనూ యజమానీ ముందే రాసుకునే ఒప్పందాలు కూడా చెల్లవన్నారు. అలాంటి సరుకును అక్కడ హాట్ కార్గో అనేవాళ్లు.

ఇక్కడే తిరకాసు వచ్చింది. ‘మా పని బయటివాళ్లకి ఇవ్వొద్దు’ అని యూనియన్ తన యజమానితో రాసుకుంటే అది ఇంట్లో మాటే. కానీ దాని దెబ్బ తగిలేది ఆ పని దక్కాల్సిన బయటి కంపెనీకి. మరి ఇది సొంత యజమానితో తగాదా కిందికి వస్తుందా, పక్కవాడి మీద దాడి కిందికి వస్తుందా?

సుప్రీంకోర్టు దీనికి 1967లో జవాబు చెప్పింది. ఫిలడెల్ఫియాలో ఒక కట్టడం పని. 3,600 తలుపులు కావాలి. అంతకుముందు తలుపులకు గాడులు చెక్కడం, తాళాలకు రంధ్రాలు కొయ్యడం వడ్రంగులు సైటు దగ్గరే చేసేవాళ్లు. కాంట్రాక్టరు ఫ్యాక్టరీలో సిద్ధం చేసిన తలుపులు తెప్పించాడు. వడ్రంగులు వాటిని బిగించం అన్నారు, వాళ్ల ఒప్పందంలోనూ అలాగే రాసి ఉంది. తలుపుల తయారీదారుల సంఘం కేసు వేసింది. తొమ్మిది మంది జడ్జిల్లో అయిదుగురు యూనియన్ పక్షాన నిలిచారు. జస్టిస్ బ్రెన్నన్ రాసిన ఆ తీర్పు బాయ్‌కాట్‌ను డాలుగా వాడటం వేరు, కత్తిగా వాడటం వేరు అంది. ఉన్న పని పోకుండా కాపాడుకుంటే డాలు. ఎప్పుడూ తమది కాని పనిని లాక్కోవడానికో, ఇంకెక్కడో ఉన్న కంపెనీని లొంగదీయడానికో వాడితే కత్తి. ఏది ఏదో తేల్చడానికి చుట్టూ ఉన్న పరిస్థితులన్నీ చూడమంది.

పదేళ్లకు, 1977లో, దానికి రెండో షరతు తోడైంది. బ్రూక్లిన్‌లో వృద్ధాశ్రమం కడుతున్నారు. అందులో పెట్టాల్సిన ఏసీ యూనిట్లకు లోపలి పైపులు ఫ్యాక్టరీలోనే బిగించి పంపారు. ఆ పైపులు కోసే పని ఒప్పందం ప్రకారం తమదని పైపు ఫిట్టర్లు యూనిట్లు ముట్టుకోలేదు. కానీ ఆ యూనిట్లే కొనాలని నిర్ణయించింది ప్రధాన కాంట్రాక్టరు. ఫిట్టర్ల యజమాని కేవలం సబ్ కాంట్రాక్టరు, అతనికి వేరే దారి లేదు. అడిగిన పని ఇచ్చే అధికారమే లేనివాడి మీద ఒత్తిడి తెస్తే, ఆ ఒత్తిడి నిజంగా చేరేది ఇంకొకరికే, కాబట్టి అది చట్టవిరుద్ధం అని కోర్టు తేల్చింది.

ఇకమీదట ప్రతి కేసులోనూ రెండు ప్రశ్నలే. ఆ పని నీదేనా? నువ్వు ఎవరి మెడ పట్టుకున్నావో, ఆ పని ఇవ్వడం అతని చేతిలో ఉందా?

పోర్ట్‌లండ్‌లో యూనియన్ తడబడింది ఈ రెండో ప్రశ్న దగ్గరే. ప్లగ్గుల పని ఎవరికి ఇవ్వాలో నిర్ణయించే హక్కు రేవు యాజమాన్య సంస్థది. నెమ్మది పనితో నష్టపోయింది టెర్మినల్ కంపెనీ.

పెట్టె తెచ్చిన చిక్కు

తలుపుల కేసు చిన్నది. ఏ పని ఎటు పోయిందో కళ్లకు కనిపిస్తుంది. రేవుల్లో జరిగింది అలా కనిపించేది కాదు.

1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్‌లీన్ అనే ట్రక్కుల వ్యాపారి ‘ఐడియల్ ఎక్స్’ అనే పాత ట్యాంకర్ మీద 58 కంటెయినర్ పెట్టెలు పెట్టి న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కి పంపాడు. అప్పట్లో విడి సరుకు ఓడకెక్కించడానికి టన్నుకు 5.83 డాలర్లు ఖర్చయ్యేది. పెట్టెల్లో పెడితే అది 16 సెంట్ల లోపుకి దిగింది. ఆ తేడాలో చాలా భాగం గోతాలు మోసి, పీపాలు దొర్లించి, ఓడ కడుపులో సరుకు సర్దిన మనుషుల కూలి.

ఆ పని మొత్తం మాయమైపోలేదు. కొంత నిజంగానే పోయింది. ఇంకొంత గేటు దాటి బయటికి నడిచింది. పెట్టెలో సరుకు ఎవరో ఒకరు సర్దాలి, దిగాక ఎవరో ఒకరు తియ్యాలి. విశాఖలో సీఎఫ్‌ఎస్‌ల (కంటెయినర్లు నింపి, విప్పే గోదాముల) దగ్గర స్టఫింగ్, డీస్టఫింగ్ అనేది అదే. ఇంతకుముందు ఓడ పక్కన డాక్ కార్మికుడు చేసింది ఇప్పుడు ఊరిబయట గోదాములో తక్కువ జీతం మనిషి చేస్తున్నాడు. నాలుగు చిన్న వ్యాపారుల సరుకు కలిపి ఒక పెట్టె నింపే కన్సాలిడేటర్లు అలా పుట్టుకొచ్చారు.

తూర్పు తీరం యూనియన్ ఐఎల్ఏ దీన్ని ఆపడానికి 57 రోజులు సమ్మె చేసి 1969లో కంటెయినర్ నిబంధనలు సాధించింది. రేవుకి 50 మైళ్ల లోపల బయటివాళ్లు నింపే లేదా విప్పే పెట్టెల్ని రేవులోనే ఐఎల్ఏ కార్మికులు విప్పి నింపాలి. సరుకు సొంతదారు తన మనుషులతో తన చోట నింపుకుంటే మినహాయింపు ఉంది. దీర్ఘకాలం గోదాములో నిలవుండే సరుకుకీ ఉంది. నిబంధన తప్పిన ఓడ కంపెనీ పెట్టెకు ఇంత అని జరిమానా కట్టాలి. 1973లో ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో కూర్చుని దీన్ని ఇంకా బిగించారు. అమెరికా రేవుల గొడవకి డబ్లిన్ ఎందుకో, ఆ సంతకం పెట్టినవాళ్లకే తెలియాలి!

ఆచరణలో దీని అర్థం ఏమిటంటే, న్యూజెర్సీ గోదాములో చక్కగా నింపి సీలు వేసిన పెట్టె రేవుకి వస్తే దాన్ని విప్పి సరుకు బయట పెట్టి, మళ్లీ లోపల పెట్టాలి. కన్సాలిడేటర్లు గగ్గోలు పెట్టారు. 1935 చట్టాన్ని అమలు చేసే జాతీయ కార్మిక సంబంధాల బోర్డు వాళ్ల పక్షానే నిలిచింది. గోదాముల్లో ఆ పని ఇప్పటికే గోదాము కార్మికులు చేస్తున్నారు, డాక్ యూనియన్ దాన్ని లాక్కోవాలని చూస్తోంది, కాబట్టి ఇది కత్తే అని బోర్డు వాదన.

1980లో సుప్రీంకోర్టు, మళ్లీ అయిదు-నాలుగు తేడాతో, బోర్డుకి లెక్క తప్పిందని చెప్పింది. నాకు ఈ కథ మొత్తంలో కీలకంగా కనిపించేది ఈ మలుపే. ‘పని’ అంటే ఏమిటో నిర్వచించే చోటే తీర్పు సగం అయిపోతుంది. కొత్త టెక్నాలజీ వచ్చాక ఆ పని ఎక్కడ, ఎవరు చేస్తున్నారో చూసి మొదలుపెడితే కార్మికుడు ప్రతిసారీ ఓడిపోతాడు. ఎందుకంటే పని అప్పటికే కదిలిపోయి ఉంటుంది, దాన్ని తిరిగి అడగడం దొంగతనంలా కనిపిస్తుంది. జస్టిస్ మార్షల్ రాసిన తీర్పు చూపును తిప్పింది. డాక్ కార్మికులు మొదటినుంచీ ఏం చేసేవాళ్లు, టెక్నాలజీ మారాక దానికి సమానమైన ఏ పనిని అట్టిపెట్టుకోవాలని చూస్తున్నారు అని అడగమంది. గోదాము కార్మికులకు అదే పని వచ్చు అన్నది అసలు ప్రశ్నే కాదంది.

కేసు మళ్లీ బోర్డుకి వెళ్లింది. ఈసారి బోర్డు చాలావరకు ఒప్పుకుంది కానీ కొందరు ట్రక్కు రవాణాదారుల, గోదాముల విషయంలో అడ్డం తిరిగింది. పెట్టె వచ్చాక రేవులో ఆ పని అవసరమే లేకుండా పోయింది, లేని పనిని కాపాడుకోవడం ఏమిటంది. వినడానికి బలమైన వాదనే. 1985లో సుప్రీంకోర్టు ఆరు-మూడు తేడాతో దాన్నీ కొట్టేసింది. యంత్రం పనిని తుడిచేసిన చోటే కార్మికుడికి రక్షణ అవసరం. అక్కడే రక్షణ లేదంటే ఇక ఆ సిద్ధాంతానికి అర్థమేముంది? ఆ పని ఆర్థికంగా దండగా కాదా అన్నది కార్మిక చట్టం తేల్చే సంగతి కాదు, బేరం దగ్గర తేల్చుకోవలసిన సంగతి.

పదహారేళ్ల పోరాటం. సంపూర్ణ విజయం. అది రెండేళ్లే నిలిచింది.

1987లో ఫెడరల్ మారిటైమ్ కమిషన్ రంగంలోకి దిగింది. దాని చేతిలో ఉన్నది నౌకాయాన చట్టం. ఓడ కంపెనీ సరుకుదార్లందరినీ సమానంగా చూడాలని ఆ చట్టం చెబుతుంది. 50 మైళ్ల లోపలివాడి పెట్టె విప్పి, 51వ మైలు వాడి పెట్టెను తిన్నగా ఓడెక్కించడం వివక్ష అని కమిషన్ తేల్చింది. 1988లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది. యూనియన్‌కి ఆ నిబంధన అడిగే హక్కు ఉంది, ఓడ కంపెనీకి దాన్ని అమలు చేసే హక్కు లేదు! ఒక కార్యాలయంలో చెల్లిన కాగితం పక్క కార్యాలయంలో చెల్లలేదు.

డబ్బు తీసుకుని దారి ఇచ్చినవాళ్లు

కోర్టు కేసులు చదివితే యూనియన్లు యంత్రాలకు అడ్డుపడటం తప్ప ఇంకేమీ చేయలేదనిపిస్తుంది. నిజానికి పెద్ద బేరాలు కోర్టు బయట జరిగాయి. పశ్చిమ తీరంలో హ్యారీ బ్రిడ్జెస్ 1934 సమ్మెతో పేరు తెచ్చుకున్న వామపక్ష నాయకుడు. యంత్రాల్ని ఆపలేమని ముందే గుర్తించిన మనిషి కూడా. 1960లో ఆయన కుదిర్చిన యాంత్రీకరణ ఒప్పందం ప్రకారం యజమానులు అయిదున్నరేళ్లపాటు ఏడాదికి సుమారు 50 లక్షల డాలర్లు నిధికి కట్టారు. పూర్తి సభ్యుల్ని తీసేయకూడదు. 25 ఏళ్ల సర్వీసుతో రిటైరైతే 7,920 డాలర్లు చేతికొస్తాయి. బదులుగా యజమాని ఏ యంత్రమైనా తెచ్చుకోవచ్చు.

ఇది అందరికీ నచ్చలేదు. పూర్తి సభ్యత్వం లేని కుర్రాళ్లకు ఆ నిధిలో వాటా లేదు. 1971లో అదే తీరంలో నెలల తరబడి సమ్మె జరిగింది. కంటెయినర్ నింపే పని ఎవరిదన్నది అందులోనూ ఒక తగాదానే.

న్యూయార్క్‌లో ఇంకో దారి పట్టారు. 1964 చర్చల్లో యజమానులు గ్యాంగులో మనుషుల్ని 20 నుంచి 17కి తగ్గించుకునే వీలు సంపాదించారు. బదులుగా పని ఉన్నా లేకపోయినా ఏడాదికి 1,600 గంటల జీతం హామీ ఇచ్చారు. తర్వాత అది 2,080 గంటలకు పెరిగింది. దానితోపాటు రేవు గుండా పోయే కంటెయినర్ సరుకు మీద టన్నుకింత రాయల్టీ. పని చేయకుండా జీతమా అని పత్రికలు వెక్కిరించాయి. 5.83 డాలర్లు 16 సెంట్లయినప్పుడు మిగిలిన సొమ్ములో వాటా అడగడం అంత విడ్డూరంగా నాకు అనిపించదు. సుప్రీంకోర్టు విజయం కంటే ఈ ఒప్పందాలే ఎక్కువమంది ఇళ్లలో పొయ్యి వెలిగించాయని నా అభిప్రాయం.

చార్లెస్టన్: పని ఎక్కడిది?

పాత ప్రశ్న 2021లో కొత్త వేషంలో వచ్చింది. దక్షిణ కరొలైనాలోని చార్లెస్టన్‌లో లెదర్‌మన్ టెర్మినల్ తెరిచారు. ఆ రాష్ట్రంలో క్రేన్లు నడిపేది రాష్ట్ర రేవుల సంస్థ ఉద్యోగులు, మిగతా పని ఐఎల్ఏది. ఎన్నో ఏళ్లుగా ఉన్న పద్ధతి. కొత్త టెర్మినల్లో పనంతా తమదేనంటూ ఐఎల్ఏ ఓడ కంపెనీల మీద 30 కోట్ల డాలర్ల దావా వేసింది. తీరమంతటికీ ఉన్న ఒప్పందాన్ని అక్కడికి ఓడలు తెచ్చి ఉల్లంఘించారని దాని ఫిర్యాదు.

రేవుల సంస్థ కోణంలో ఇది కత్తే. చార్లెస్టన్ క్రేన్లు ఏనాడూ ఐఎల్ఏ చేతిలో లేవు. కానీ యూనియన్ ఒప్పందం ఒక్క ఊరిది కాదు, తూర్పు తీరానికీ గల్ఫ్ తీరానికీ మొత్తానికి ఒకటే. అంత పెద్ద పటంలో చూస్తే ఒక రేవులో తమ మనుషులు దింపే సరుకు చార్లెస్టన్‌కి మళ్లితే పోయేది తమ పనే. రెండో ప్రశ్నకీ యూనియన్ దగ్గర జవాబు ఉంది. టెర్మినల్ ఓడ కంపెనీది కాకపోవచ్చు, ఏ రేవుకి వెళ్లాలో మాత్రం దాని చేతిలోనే ఉంది. 2022 డిసెంబరులో బోర్డు ఈ వాదన ఒప్పుకుంది. 2023లో అప్పీలు కోర్టు రెండు-ఒకటి తేడాతో సమర్థించింది, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది.

ఈ తీర్పు నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది. పటం పెద్దదయ్యేకొద్దీ ‘మా పని’ కూడా పెద్దదవుతుంది. తీరమంతా మాదే అనగలిగినప్పుడు డాలుకీ కత్తికీ తేడా చూపడం కష్టం. క్రేన్ల మీద ఉన్న ఉద్యోగులు కూడా జీతాల మీద బతికేవాళ్లే కదా!

మన దేశంలో చట్టం అడిగే ప్రశ్న వేరు. 1948 డాక్ కార్మికుల చట్టం కింద విశాఖ లాంటి పెద్ద రేవుల్లో డాక్ లేబర్ బోర్డులు ఏర్పడ్డాయి. కలాసీల పేర్లు నమోదు చేసి, వంతులవారీగా పని ఇచ్చే ఏర్పాటు అది. విశాఖ బోర్డు తర్వాత పోర్టులోనే కలిసిపోయింది. విశాఖ కంటెయినర్ టెర్మినల్ 2003లో మొదలైంది. ఇక 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో 9ఏ సెక్షన్ ఉండేది. మనుషుల్ని తీసేసే అవకాశం ఉన్న కొత్త యంత్రం తేవాలంటే యజమాని 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ మార్పు నోటీసు ఉంది. అంటే యంత్రం వస్తోందని చెప్పారా, తీసేసినవాడికి పరిహారం ఇచ్చారా అని అడుగుతుంది మన చట్టం. గేటు దాటిపోయిన పని ఎవరిదని అడగదు. కాంట్రాక్టు కూలీల విషయంలో అది ఇంకా స్పష్టం. 2001లో ఉక్కు సంస్థ సెయిల్‌కీ ఒక వాటర్‌ఫ్రంట్ కార్మికుల యూనియన్‌కీ మధ్య కేసులో, ఒక చోట కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినంత మాత్రాన ఆ కూలీలు వాళ్లంతట వాళ్లే పర్మనెంట్ అయిపోరని మన సుప్రీంకోర్టు తేల్చింది.

గేటు దగ్గర కెమెరా

2024 జూన్‌లో ఐఎల్ఏ కొత్త ఒప్పందం చర్చల్ని ఆపేసింది. కారణం అలబామాలోని మొబైల్ రేవులో ఒక గేటు. యూనియన్ మనిషి చెయ్యి పడకుండా ట్రక్కుల్ని లోపలికి పంపే ఆటో గేటు అక్కడ పెట్టారు. అక్టోబర్ 1న సమ్మెతో మెయిన్ రాష్ట్రం నుంచి టెక్సాస్ దాకా రేవులు ఆగిపోయాయి. మూడు రోజుల్లో జీతాల సంగతి తేలింది, ఆరేళ్లలో 62 శాతం పెంపు. ఆటోమేషన్ సంగతి మాత్రం 2025 జనవరి దాకా తేలలేదు. చివరికి పూర్తి ఆటోమేషన్ వద్దన్నారు. సగం ఆటోమేషన్ తేవాలంటే దాంతోపాటు ఉద్యోగాల సంగతీ తేల్చాలన్నారు. ఆ ఒప్పందం 2030 సెప్టెంబర్ 30 దాకా ఉంటుంది.

మొబైల్‌లో యూనియన్‌కి ఒక సౌకర్యం ఉంది. టెర్మినల్ నడిపే ఏపీఎం, యూనియన్‌తో ఒప్పందంలో ఉన్న ఓడ కంపెనీ మయర్స్క్ ఒకే గ్రూపు కంపెనీలు. గేటు పెట్టే నిర్ణయం ఎవరిదన్న దాని మీద పెద్ద వాదన ఉండదు. గేటు రాష్ట్ర రేవుల సంస్థదీ, సాఫ్ట్‌వేర్ ఇంకో కంపెనీదీ అయిన చోట, 1977 నాటి పైపు ఫిట్టర్ల కేసు మళ్లీ బల్ల మీదికి వస్తుంది. క్రేన్ నడిపే మనిషి రేవులో కాక మైళ్ల దూరంలో ఏసీ గదిలో స్క్రీన్ ముందు కూర్చునే రోజున, 50 మైళ్ల గీత లాంటిది ఇంకోటి గీయమని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు నౌకాయాన చట్టం పట్టుకుని మారిటైమ్ కమిషన్ దగ్గరికి వెళ్లేవాళ్లూ ఉంటారు.